సోల్రున్ చేతికి కట్టిన తాడు

మా స్కార్‌వీక్‌లో ఇంటిపేరున్నది ఒక్క హాఫ్‌దాల్ కుటుంబానికే. మిగతా మేమంతా ఫలానా వాడి కూతురు, ఫలానా వాడి కొడుకు. పడవలు వాళ్ళవి, చేపల ఫ్యాక్టరీ వాళ్ళది, ఏటా ఇంత చేప పట్టుకోవచ్చని సర్కారు ఇచ్చిన హక్కూ వాళ్ళదే. సముద్రం మాత్రం అందరిదీ అని బడిలో పిల్లలకు చెబుతాం.

ఆ ఇంటి ఆడపడుచు సోల్రున్. చిన్నతనంలోనే రాజధాని రేక్యావిక్ చేరింది. ఎవరి బొమ్మల ప్రదర్శన మొదలైనా, ఏ రాయబారి విందు ఇచ్చినా పత్రికలో ఆమె ఫొటో ఉండాల్సిందే. ఆ పత్రికలను మేం ఫ్యాక్టరీ కాఫీ గదిలో చేప వాసన చేతులతో తిరగేసేవాళ్ళం. తండ్రి పోయాక కంపెనీలో సగం ఆమెకొచ్చింది. సమావేశాలకు వచ్చేది, అన్న హౌకుర్ చెయ్యెత్తితే తానూ ఎత్తేది, వెళ్ళిపోయేది.

ఆ చలికాలం హౌకుర్ చేపల హక్కును దక్షిణాది కంపెనీకి అమ్మజూపాడు. అమ్మితే ఫ్యాక్టరీకి తాళమే. తేల్చే సమావేశం థోర్రి విందు మర్నాడు.

నడి చలికాలంలో జరిగే ఆ విందులో ఊరివాళ్ళు పెద్దలను వెక్కిరిస్తూ నాటిక వేస్తారు. ఎంత వెక్కిరించినా వాళ్ళు నవ్వాలి. ఎదురు చెబితే ఏడాదంతా నగుబాటే. ఈసారి యూనియన్ తరఫున నాటిక నేనే రాశాను.

ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడే బెర్గ్‌ల్యోట్ పాత కర్టెన్ కప్పుకుని సోల్రున్ అయింది. ఆమె మణికట్టుకు తాడు. రెండో కొస అన్న వేషగాడి చేతిలో.

“చెల్లీ, కాడ్ చేప ఎలా ఉంటుందో తెలుసా?”

“తెలియకేం! పళ్ళెంలో, నిమ్మచెక్క పక్కన ఉంటుంది.”

హాలు ఘొల్లుమంది. వేషగాడు తాడు లాగాడు. చెయ్యి లేచింది.

“ఏం అమ్మావన్నా?”

“నీకెందుకు? ఫొటోకి నవ్వు!”

హౌకుర్ బల్ల చరుస్తూ నవ్వాడు. సోల్రున్ నవ్వలేదు. ఆమె ముందు వడ్డించిన గొర్రె తలకాయ చల్లారిపోతోంది. వేదిక పక్కనున్న నాకు వాళ్ళ మాటలు వినబడ్డాయి.

“నవ్వవే, అందరూ చూస్తున్నారు.”

“పోయినసారి సమావేశంలో నన్నేమడిగావన్నా?”

“ఏమడిగాను?”

“ఏమీ అడగలేదు. అదే అంటున్నా.”

లేచింది. నవ్వించబోయి కొంప ముంచానేమో! ఈ కోపం రేపు మా మీదే తీర్చుకుంటే?

సోల్రున్ వేదిక ఎక్కి బెర్గ్‌ల్యోట్ మణికట్టు పట్టుకుంది.

“గట్టిగా కట్టారే.”

“గోళ్ళు జాగ్రత్త తల్లీ, రంగు పోతుంది!” అంది బెర్గ్‌ల్యోట్.

“పోనీ.”

ముడి విప్పి, తాడు చుట్టి సంచిలో వేసుకుంది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు కార్మికుల తరఫున నేనూ సమావేశంలో ఓ మూల కూర్చున్నాను. హౌకుర్ చెయ్యెత్తాడు. సోల్రున్ చేతులు బల్లమీదే ఉన్నాయి, వాటి మధ్య ఆ తాడు.

“సోల్రున్!”

“వినబడిందన్నా. ఎత్తను.”

అమ్మకం ఆగింది. అన్న ఆమెతో మాటలు మానేశాడు, విందులకు పిలుపులూ తగ్గాయి. ఇప్పుడామె ఊళ్ళోనే ఉంటోంది. ఈతకొలను దగ్గరి వేడినీళ్ళ తొట్టిలో మాతోపాటే మెడదాకా మునిగి కూర్చుంటుంది. కొందరు దేవత అంటారు. నేననను. ఒక్క మనిషి చెయ్యి లేస్తుందా లేదా అన్నదాని మీద ఊరి పొయ్యిలన్నీ ఆధారపడటమేమిటి? ఆ చేపలు మావి కూడా. ఆ మాట ఆమె మొహం మీదే అన్నాను.

“వచ్చే ఏడు నాటికలో పెట్టు,” అంది. “ఎదురు మాత్రం చెబుతాను.”