కండువా కొస తడవకుండా

మా ఇళ్లల్లో గొర్ల మంద ఊరు దాటాలంటే ఒక మనిషి ముందుగా పోయి రావాలి. అతను బాట చూస్తాడు, గడ్డి చూస్తాడు, అన్నిటికన్నా ముఖ్యంగా నీళ్లు చూస్తాడు. నీళ్ల ఒడ్డున వంగి తన కండువా కొస ముంచి, ముడివేసుకొని తిరిగి వస్తాడు. వచ్చేసరికి కొస ఎండిపోయినా బురద మరక ఉంటుంది. మా నాయిన ఆ మరకను బొటనవేలితో రుద్ది చూసి, అప్పుడు మందను లేపుతాడు. చిన్నప్పుడు నాకిది వట్టి చాదస్తంగా అనిపించేది. నీళ్లున్నాయని నోటితో చెబితే చాలదా, బట్ట పాడు చేసుకోవడమెందుకని పోట్లాడేదాన్ని. నాకు ముక్కుమీద కోపం, నోటినిండా మాటలు. పెద్దనాయిన నవ్వి ఊరుకునేవాడు. మా కుటుంబంలో ముందు పోయివచ్చే మనిషి ఆయనే.

నేను సూర్యాపేటలో కంప్యూటర్ కోర్సు చేసి మిర్యాలగూడలో తహసీల్దారు ఆఫీసులో ఆపరేటర్‌గా చేరాను. కిరాయి గదిలో ఉండేదాన్ని. వారం వారం వేములపల్లి పక్కనున్న మా ఊరికి పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ సాయంత్రం దొడ్డి వాకిట్లో నాయినతో కలిసి మందను లెక్కపెట్టేదాన్ని. ఆయన జత జతగా లెక్కపెడతాడు, నేను ఒక్కొక్కటిగా. చివరికి ఇద్దరి లెక్కా కలవాలి. కలవకపోతే ఎవరు తప్పో తేలేదాకా అన్నం లేదు. మా ఇద్దరి మధ్య ముద్దుమురిపెం ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ ఏడు కాలువకు నీళ్లు వదల్లేదు. రెండువేల పన్నెండో పదమూడో, ఎండ మాత్రం బాగా గుర్తుంది. కాలువ కింద వరి లేకపోతే కొయ్యకాలు లేదు, కొయ్యకాలు లేకపోతే మా గొర్లకు బతుకు లేదు. చెరువు నెర్రెలు వారింది. బోర్లు ఒకటొకటే గాలి కక్కాయి. ఏ బోరాయన ఇంత వదిలితే అంత, రెండు రోజులకోసారి మందకు గొంతు తడిచేది. ఆకలికి గొర్లు గోడలకు అంటించిన కాగితాలు పీక్కుతినేవి. ఒక తల్లిగొర్రె పాలు లేక, పిల్లను దగ్గరికి రానివ్వకుండా కాలితో తన్నింది. నాయిన ఆ పిల్లను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు, అది సాయంత్రానికి పోయింది.

కోదాడ నుంచి మాంసం కోతకు కొనేవాళ్లు వ్యాను వేసుకొని వచ్చారు. "ఇచ్చేయండి పెద్దాయనా, ఇంకో వారమైతే ఇవి నడవలేవు" అన్నాడు వాళ్లలో ఒకతను, మర్యాదగానే. నాయిన లేచి లోపలికి పోయాడు. మళ్లీ బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. నూటనలభై గొర్లు. పేరు పేరునా పిలిచేవాడు వాటిని. అవి పోతే ఆయన ఏ పనికీ మిగలడు, అది నాకు తెలుసు.

అందుకే నేను పూనుకున్నాను. నీళ్లెక్కడున్నాయో నేను కనిపెడతానన్నాను.

ఆఫీసులో నాకు అందుబాటులో ఉన్నవి మూడు. ఒకటి, బీరువాలోని పాత నక్షా, ఊళ్ల పటం. బట్టకు అంటించిన కాగితం, ముట్టుకుంటే పొడి రాలుతుంది. రెండు, సర్వేయర్ దగ్గరున్న జీపీఎస్ మిషన్. మూడు, కంప్యూటర్‌లో శాటిలైట్ మ్యాప్. సర్వేయర్ మంచివాడు. "మేడం, ఈ మిషన్ తీస్కపోయి గాడ నిలవడితె ఎత్తు పల్లం గూడ చెప్తది" అన్నాడు. గాడ నిలబడడానికి పోయేదుంటే మిషనెందుకు సార్, కండ్లు చాలవా అన్నాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను.

మూడు రోజులు మధ్యాహ్నం అన్నం మాని మ్యాప్ ముందు కూర్చున్నాను. వేములపల్లి నుంచి కిందికి జరుపుకుంటూ పోతే అంతా గోధుమరంగే. పాలకీడు దిక్కున, ఊళ్లకు దూరంగా, ఒక్కచోట నీలం కనబడింది. పెద్దగా చేస్తే ఆకుపచ్చ కలిసిన నీలం, చుట్టూ చెట్లు, ఒక పక్కన నల్లటి గీత. నక్షా తీసి అదే చోటు వెతికాను. అందులో నీళ్లు లేవు, రాళ్ల గుర్తులున్నాయి. తాతల నాటి నక్షాకు కొత్త చెరువు ఏం తెలుసులే అని మడిచి బీరువాలో పెట్టేశాను. ప్రింటు తీసి, ఫోన్‌లో కూడా ఆ చోటు గుర్తు పెట్టుకొని ఊరికి పోయాను.

మంచం మీద ప్రింటు పరిచాను. పెద్దనాయిన మోకాళ్ల నొప్పితో మెల్లగా వచ్చి కూర్చొని చాలాసేపు చూశాడు.

"గాడ చెరువు ఉన్నట్టు నేను ఎన్నడు ఇనలే బిడ్డా. గా నల్లగ గదేంది?"

"చెరువు కట్ట, పెద్దనాయినా."

"కట్ట గింత సక్కగ ఉంటదా?"

"పైనుంచి తీసిన ఫోటో. గట్లనే కనవడతది."

ఆయన నాయిన వైపు తిరిగాడు. "తమ్మీ, రెండు దినాలు ఆగు. నేను పోయి సూసొస్త. లేకుంటె వాగెంబడి ఏటిదాక పోదం, ఇసుకల చెలిమలు తోడుకుంట. లేటయితది గని నీళ్లు దొరుకుతయి."

"రెండు దినాలు ఆగితె ఎన్ని సస్తయి?" అన్నాను. గట్టిగానే అన్నాను. "నీ మోకాళ్లతోని నువ్వు పోయి వచ్చేసరికి వారమైతది. ఆకాశంకెల్లి తీసిన ఫోటో కంటె నీ కండువ ఎక్కువనా?"

పెద్దనాయిన లేచాడు. మంచం మీంచి కండువా తీసుకొని భుజాన వేసుకున్నాడు. నాయిన ఒకసారి అన్న మొహం చూశాడు, ఒకసారి నా మొహం చూశాడు. "బిడ్డ సదువుకున్నది అన్నా" అన్నాడు. ఆ మాటకు ఆ రోజు నేనెంత పొంగిపోయానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మంద నడిచింది, వెనక కర్ర పట్టుకొని పెద్దనాయిన కూడా. మొదటిరోజు ఒక రైతు కాళ్లు పట్టుకుంటే బోరు కింద తాపనిచ్చాడు. రెండోరోజు నీళ్లు లేవు. రాత్రి నాయిన ఫోన్ చేసి "రేపటికి అందుతయా బిడ్డా?" అన్నాడు. అందుతాయి నాయినా అన్నాను. మూడోరోజు సెలవు పెట్టి బస్సెక్కి, ఆటో మారి, మట్టిబాట మీద వాళ్లను కలిశాను. గొర్లు నాలుకలు బయటపెట్టి, తలలు ఒకదాని పొట్ట కింద ఒకటి దాచుకొని నడుస్తున్నాయి. అరుపు కూడా లేదు. నాయిన పెదవులు పగిలి రక్తం గడ్డకట్టింది. ఇంక కిలోమీటరే అని చెప్పాను.

అందరికన్నా ముందు నేను నడిచాను. చేతిలో ఫోన్, అందులో నా చుక్క నీలం వైపు జరుగుతోంది. సర్కారు తుమ్మ దట్టంగా ఉంది. గాలి మాకు ఎదురుగా తిరిగింది. అంతే, మెడలో గంట ఉన్న పొట్టేలు తల ఎత్తింది. దాని వెనక మంద మొత్తం తల ఎత్తింది. నీళ్ల వాసన. అవి నన్ను తోసుకుంటూ తుమ్మల్లోకి ఉరికాయి. నేను సంతోషంతో ఏడ్చాను. అవును, ఏడ్చాను.

తర్వాత గంట చప్పుడు ఆగిపోయింది.

తుమ్మలు దాటి చూస్తే కాళ్ల కింద నేల లేదు. ఎప్పుడో వదిలేసిన నాపరాళ్ల క్వారీ అది. గోడ కోసినట్టు నిలువుగా దిగిపోయింది. నీళ్లు యాభై అడుగుల కింద ఉన్నాయి, కంప్యూటర్‌లో చూసిన రంగులోనే ఉన్నాయి. నల్లటి గీత కట్ట కాదు, ఆ గోడ నీడ. ముందుపోయినవి కింద తేలుతున్నాయి, కొన్ని రాళ్ల మీద పడ్డాయి. వెనకవి ఇంకా వస్తున్నాయి. నాయిన నా పక్కనుంచి ఉరికి, అంచున రెండు చేతులూ చాపి అడ్డం పడుకున్నాడు. ఆయన మీదుగా ఒకటి దూకింది. పెద్దనాయిన కుంటుకుంటూ వచ్చి కర్రతో, రాళ్లతో, కంఠంతో మిగిలినవాటిని వెనక్కి మళ్లించాడు. నేను ఫోన్ పట్టుకొని నిలబడే ఉన్నాను.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసిన చెయ్యి నాది.

ఆ తర్వాత చేసిందల్లా నీళ్లు తోడడమే. మంద పలుపులన్నీ ముడివేసి బకెట్ కట్టాం. వంట సామాను మీది టార్పాలిన్ తీసి గుంటలో పరిచాం. నాయిన అంచున నిలబడి లాగేవాడు, నేను అందుకొని పోసేదాన్ని. బకెట్ గోడకు కొట్టుకొని పైకి వచ్చేసరికి సగమే ఉండేది. పది గొర్లు తాగేసరికి మళ్లీ ఖాళీ. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా లాగాం. నా అరచేతుల తోలు ఊడింది. ఇంకా ఊడితే బాగుండుననిపించింది. కింద రాళ్ల మీద ఒకటి చాలాసేపు అరిచింది. దిగే దారి లేదు. అది ఆగేదాకా నాయిన ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

చివరి బకెట్ అయ్యాక ఆయన కూలబడి అడిగాడు, కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగినట్టు: "నీ ఫోన్ల లోతు కనవడదా బిడ్డా?"

కనబడదు నాయినా అన్నాను.

పెద్దనాయిన తన కండువా తీసి చూసుకున్నాడు. మేం పొద్దు వాలేదాకా నీళ్లు తోడినా ఆయన కండువా కొస పొడిగానే ఉంది. "మనిషి వంగి కండువ ముంచెకాడనే గొర్రె మూతి పెడతది" అన్నాడు. ఇన్నేళ్లు నేను పోట్లాడి అడిగినదానికి జవాబు అది. ముందే ఎందుకు చెప్పలేదని అడగడానికి నాకు మొహం లేదు.

తెల్లారి ఆయన మోకాళ్లు లేవనివ్వలేదు. నాయిన నా వైపు చూశాడు. నేను ఫోన్ ఆయన చేతికిచ్చి ఏటి దిక్కు నడిచాను. పొద్దెక్కేసరికి ఏరు కనబడింది. ఒడ్డు మెల్లగా దిగిన చోటు వెతికి, వంగి, చున్నీ కొస ముంచి ముడివేసుకొని తిరిగి వచ్చాను. నాయిన ఆ ముడి విప్పి, మరకను బొటనవేలితో రుద్దాడు. మందను లేపాడు.

నాయిన ఆ తర్వాత ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన మందను మళ్లీ పెంచాడు. నేను అట్లాగే వారం వారం ఊరికి పోతూనే ఉన్నాను. కానీ సాయంత్రం గొర్లు దొడ్డికి వచ్చే వేళకు నాయిన నాకేదో ఒక పని చెబుతాడు. "చాయ్ పెట్టు బిడ్డా" అంటాడు, లేకపోతే "పెద్దనాయినకు మోకాళ్ల గోలీలు ఇచ్చిరా పో" అంటాడు. నేను తిరిగి వచ్చేసరికి దొడ్డి తడిక వేసి ఉంటుంది. ఎన్ని ఉన్నాయి నాయినా అంటే "అన్నీ ఉన్నయి" అంటాడు.