కోదాడ నుంచి మిర్యాలగూడకు ఒక ఆకుపచ్చ బ్యాగు

ఈ ప్రయాణం ఎందుకని ఎవరడిగినా వ్యాపారం మీద అని చెప్పాను. అసలు కారణం లత.

షోరూముల్లో సులువుగా దొరకని విదేశీ హ్యాండ్‌బ్యాగులు వెతికి తెచ్చి అమ్మడం సూర్యాపేటలో నా బతుకుతెరువు. ఒకరికి మోజు తీరినదాన్ని ఇంకొకరికి చేరుస్తాను. కుట్టు చూసి అసలుదో నకిలీదో చెప్పడం, లోపలి నంబరు ఎక్కడుంటుందో పట్టుకోవడం లతకు నేర్పింది నేనే. రెండేళ్లు నా దగ్గర పనిచేసి సొంతంగా మొదలుపెట్టింది. ఏకు మేకైంది. నా వాట్సాప్ గ్రూపులోని ఆడవాళ్లంతా ఇప్పుడు దాని గ్రూపులోనూ ఉన్నారు. నా దగ్గర ఫొటోలు చూస్తారు, దాని దగ్గర కొంటారు. మిర్యాలగూడ రైస్‌మిల్లు వాళ్ల విజయమ్మగారు కూడా ఏడాదిగా అటే మళ్లారు.

ఆవిడ కూతురి నిశ్చితార్థానికి ఫ్రాన్సు కంపెనీ చిన్న ఆకుపచ్చ బ్యాగు కావాలని మా ఇద్దరికీ చెప్పారు. హైదరాబాద్‌లో పేరు రాయించుకుని నెలల తరబడి కాచుకోవాల్సిన సరుకు అది. కోదాడలో ఒకావిడ అమ్ముతుందని తెలియగానే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. ఇది నేను తెస్తే విజయమ్మగారు మళ్లీ నా మనిషి. లత తెస్తే ఆవిడ వెనకే ఆవిడ చుట్టాలంతా పోతారు, నేను దుకాణం మూసుకోవడమే.

ఉదయం ఎనిమిదీ పదికి సూర్యాపేట కొత్త బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చాడు. కిటికీ పక్క సీటు దొరికినా మునగాల దాకా బయటికి చూసింది లేదు. లత స్టేటస్ పెట్టింది. కొత్త షాపు, గోడంత అద్దం, పక్కన నవ్వుతూ అది. ఆ ఫొటోను పెద్దది చేసి, అద్దం అంచు పగిలి ఉందేమోనని కూడా వెతికాను. పగల్లేదు.

తొమ్మిదింపావుకు కోదాడ. బస్టాండు ఎదుట రెండు ఇడ్లీ, టీ, నలభై రూపాయలు. ఆటోకు ఇంకో నలభై.

బ్యాగు అమ్మే ఆవిడ పేరు మాధవి. కోదాడ మనిషి కాబట్టి మాట సగం ఆంధ్రా వైపుంటుంది. బ్యాగును తెల్లటి గుడ్డసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. కుట్టు అసలుది. మూత తెరిచాను, నంబరూ అసలుదే. కానీ లోపలి అంచు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక.

"మా అత్తయ్య పని అండి," అంది మాధవి తల దించుకుని. "కొత్త వస్తువు కదా అని గల్లాపెట్టెకు పెట్టినట్టు మూత తీసి పసుపు, కుంకుమ తడిపి బొట్టు పెట్టేసింది. తోలు పీల్చేసుకుంది. ఎంత తుడిచినా పోవట్లేదు."

వాడకుండానే పాడైన బ్యాగన్నమాట. ధర తగ్గించమని అడగబోతుంటే ఆవిడే అంది, "మొన్న లతగారు కూడా వచ్చి చూశారండి. మీరు ఫోన్ చేశారని చెప్తే, అయితే నాకొద్దులెండి అని వెళ్లిపోయారు."

లత నాకు భయపడింది! ఏడాదిలో మొదటిసారి కడుపు చల్లబడింది. బేరం కూడా గట్టిగా ఆడకుండా డబ్బు ఫోన్‌లో పంపేశాను. మూత వేస్తే మరక కనబడదు. విజయమ్మగారికి చెప్పాల్సిన పని లేదనుకున్నాను.

పదకొండుకు మిర్యాలగూడ బస్సు. హుజూర్‌నగర్‌లో సగం ఖాళీ అయింది. నేను దూదికి కాస్త కోల్డ్‌క్రీము రాసి, బ్యాగును ఒళ్లో పెట్టుకుని మరక రుద్దడం మొదలుపెట్టాను. పక్కసీటులో పాలకీడు వెళ్లే ముసలావిడ, కూరగాయల సంచితో, కాసేపు చూసింది.

"బొట్టెందుకు తుడుస్తున్నవ్ బిడ్డా?"

"అమ్మేది అవ్వా. మరకుంటే కొనరు."

"కొనేటోళ్లు బొట్టు పెట్టుకోరా?" అని పాలకీడు ఆటో కోసం నేరేడుచర్లలో దిగిపోయింది. మరక కొంచెం పలుచబడింది, పోలేదు.

ఒంటిగంటకు మిర్యాలగూడ. ఊరి అంచులోనే ఉడికిన వడ్ల వాసన. మిల్లు వెనకాల ఇల్లు, ఆటోకు యాభై. విజయమ్మగారు ముందు అన్నం పెట్టించారు. దోసకాయ పప్పు, చల్లమిరపకాయలు. తర్వాత బ్యాగు తీసి చూపించాను.

"ఎట్లున్నది సరుకు?" అన్నారు.

"కొత్తది మేడం. ఒక్క మరక లేదు."

ఆవిడ బ్యాగు బయట చూడనేలేదు. సరాసరి మూత తెరిచి అంచు మీద వేలు పెట్టారు.

"లత మొన్ననే ఫోన్ చేసింది. కోదాడల బ్యాగుంది, బొట్టు మరకుంది, అక్క తెస్తున్నది, అక్క దగ్గరనే తీసుకోండి, అన్నీ ఆమెనే సెప్తది అన్నది." మూత వేసి, "బొట్టుంటే నాకేం నామోషి లేదమ్మా. మిల్లుల కొత్త మిషన్ వస్తే మేం గూడ పెడ్తం. బ్యాగు ఉంచుకుంట. కని ఇగ ఏమన్న కావాల్నంటే లతకే సెప్త. ఏమనుకోకు."

అనుకోవడానికి నాకేం మిగిలింది? డబ్బు అక్కడికక్కడే పంపారు. తలెత్తకుండా నమస్కారం పెట్టి బయటపడ్డాను.

నాలుగింటికి సూర్యాపేట బస్సు. ఈ దారిన వెళ్లాలనుకునేవారు పొద్దున్నే బయలుదేరితే మూడు ఊళ్లూ ఒక్కరోజులో తిరిగి రావచ్చు, లాడ్జి అక్కర్లేదు. ఆడవాళ్లకు ఆటోలు, టిఫిన్లు కలిపి రెండొందలు చాలు. సాయంత్రం బస్సులో కాలేజీ పిల్లలుంటారు, సీటు కోసం ముందే ఎక్కాలి. నేను ముందే ఎక్కాను. ముందు సీటులో ఇద్దరమ్మాయిలు ఫోనులో ఏదో చూసి పడీపడీ నవ్వుతుంటే వాళ్ల మీద కూడా అసూయ పుట్టింది.

సగం దారిలో లత ఫోన్.

"అక్కా, అయ్యిందా?"

"అయ్యింది. ఉంచుకున్నరు."

"మంచిగైంది. మరక సంగతి సెప్పినవ్ కదా?"

బస్సు చప్పుడులో వినబడనట్టు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"సెప్పిన," అన్నాను.

"నాకెర్కే. మరక ముందుగాల, ధర తర్వాత అని నాకు నేర్పిందే నువ్వాయె."

నేను నేర్పానని కూడా నాకు గుర్తు లేదు. దానికి గుర్తుంది. ఆ క్షణాన దాని షాపు మీద, అద్దం మీద, విజయమ్మగారి మీద కుళ్లు పోయి, ఆ ఒక్క గుర్తు మీద పడింది.