తాళంచెవికి కట్టిన పట్టుదారం

స్పిరిట్ వాసన ఇంకా వేళ్ళకు అంటుకునే ఉంది. వంటింటి పక్కనున్న చిన్న బల్ల మీద తెల్లగుడ్డ పరుచుకుని, పక్కింటి లెక్చరర్ సారు కారు రిమోట్ విప్పి కూర్చున్నాను. తాళంచెవి దానికి విడిగా, అదే రింగుకు ఉంది. తలుపులు తెరిచే మీట నాలుగుసార్లు నొక్కితే గానీ పలకడం లేదని ఆయన నిన్న తెచ్చి ఇచ్చాడు. బిళ్ళ బ్యాటరీ మార్చాను. లోపలి బోర్డు మీద చేరిన జిడ్డును దూదితో తుడిచాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మీట కింది రబ్బరు కొంచెం అతుక్కున్నట్టు కనిపిస్తే బ్లేడు మొనతో లేపబోయాను. పర్రుమని చిన్న చప్పుడైంది. రబ్బరు నడిమికి చినిగింది. ఆ చప్పుడు చెవిన పడగానే నాకు ధర్మవరం నాగరత్నక్క గుర్తొచ్చింది.

రేపు పొద్దున ఆరింటికి సారు ఆ కారులో బెంగళూరు పోవాలి. ఇక్కడ హిందూపురం బజారులో కొట్లు తెరిచేది పది దాటాకే కాబట్టి ఆలోగా కొత్త రబ్బరు దొరకదు. రిమోట్ పై డిప్పలు రెండూ మూసేసి, "పాత రబ్బరు కదా సార్, అదే పోయింది" అంటే ఎవరికి తెలుస్తుంది? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. సారుకు చెప్పాలా వద్దా అని ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాను.

నాగరత్నక్కను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. గుంతమగ్గంలో కూర్చుని ముప్పై ఏళ్ళు కాళ్ళాడించి మోకాళ్ళు అరగ్గొట్టుకుంది. ఇక నేయలేనని తెలిశాక, ఇరుగుపొరుగు నేతగాళ్ళ దగ్గర పట్టుచీరలు తీసుకుని పెళ్ళిళ్ళ ఇళ్ళకు చేరవేసే పని పెట్టుకుంది. అందుకోసం ఒక పాత కారు కొని, దాన్ని నడపడానికి నన్ను పెట్టుకుంది. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. బండి బాగా నడపడం వచ్చు, అబద్ధాలు అంతకంటే బాగా వచ్చు. బండికి గీత పడితే ఎద్దు రాసుకుపోయిందనీ, ఆలస్యమైతే రైల్వే గేటు పడిందనీ ఇట్టే చెప్పేసేవాణ్ణి. అంతకుముందు చేసిన రెండుచోట్లా ఆ నోటి మూలంగానే పని పోయింది. మా నాయన అప్పటికే నాతో మాట్లాడటం మానేశాడు. ఇదీ పోతే ఇంటి గడప తొక్కొద్దని అమ్మతో చెప్పి పంపాడు.

చేరిన మొదటి నెలలోనే ఆమెకు కొంచెం తిక్క ఉందని నేను తీర్మానించుకున్నాను. హిందూపురంలో ఒక ఇంట్లో చీరలు పరిచింది. ఆ ఇల్లాలికి ఆకుపచ్చ చీర ఒకటి తెగ నచ్చేసింది. మడతపెట్టి చేతికిస్తే పని అయిపోయేది. అక్క ఆ చీరను కిటికీ వెలుతురుకు పట్టి, కొంగుకు జానెడు దూరంలో వేలు పెట్టింది.

"ఈడ చూడమ్మా. పడుగులో ఒక పోగు తెగితే ముడేసినారు. కట్టుకుంటే కనపడదు. కానీ ఉండాది."

గుమ్మం దగ్గర నిలబడ్డ నేను ఇక బేరం పోయిందనే అనుకున్నాను. ఆ ఇల్లాలు ముడి మీద వేలు రుద్దిచూసి, కాసేపు ఆలోచించి, చివరికి ఆ చీరే తీసుకుంది. బండెక్కాక ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమక్కా, ఆమెకు కనపడనే లేదు కదా. ఎందుకు నీకంత దురద?"

అక్క పడీపడీ నవ్వింది. "ఈ పొద్దు నేనే చెప్తే ఒక మాటతో పోతాది. రేపు ఆమే చూస్తే, నేను చూపించిన చీరలన్నీ మళ్ళీ తిరగేసి వెతుక్కుంటాది. నువ్వు రోడ్డు చూసి నడుపప్పా." ఆ మాట ఆరోజు నా బుర్రకు ఎక్కలేదు.

ఆమె కారుకు తాళంచెవి ఒక్కటే. రెండోది పాత యజమాని దగ్గరే ఎక్కడో పోయింది. రిమోట్ పైకవరు పగిలిపోతే రబ్బరు బ్యాండు చుట్టి వాడేవాళ్ళం. ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్కను ఇంటి దగ్గర దింపి బండి అక్కడే పెట్టాక, అదే వీధిలో నేనుండే గదికి వచ్చి, ఫోన్‌లో ఒక వీడియో చూసి నేనే మార్చేస్తానని పూనుకున్నాను. అక్కకు చెప్పలేదు. మెప్పించాలని ఆశ. కొత్త కవరు ముందే కొని పెట్టుకున్నాను. పాత డిప్పలు విప్పి, బోర్డు తీసి కొత్తదాంట్లో కూర్చోబెట్టి, తాళంచెవి బిగించాను. వీధి చివర నిలబడి మీట నొక్కితే కారు కుయ్యిమని పలికింది. అబ్బో, ఆ పూట నా అంత మొనగాడు ధర్మవరం మొత్తంలో లేడు! పాత డిప్పలు చెత్తబుట్టలో పారేసి దర్జాగా పడుకున్నాను. బండెక్కి ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామన్న ఆలోచన మాత్రం రాలేదు.

మరునాడు పెనుకొండలో పెళ్ళి. ముహూర్తం చీర నేసే అతనికి జ్వరమొచ్చి, చీర ముందురోజు సాయంత్రం గానీ మగ్గం దిగలేదు. తొమ్మిదిన్నరకు ఆ చీరకు పూజ చేసి పెళ్ళికూతురి చేతిలో పెట్టాలి. పదకొండున్నరకు ముహూర్తం. ఏడున్నరకల్లా అక్క చీరను ఒళ్ళో పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చుంది. రిమోట్‌తో తలుపులు తెరిచిన గర్వంలో తాళం తిప్పాను. ఇంజన్ గురగురమంది తప్ప అందుకోలేదు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అంతే. మీటర్ల మధ్య ఎర్రటి తాళంచెవి బొమ్మ ఒకటి మిణుకుమిణుకుమంటోంది. అది అంతకుముందు వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"బ్యాటరీ దిగిపోయినట్టుండాదక్కా" అన్నాను. నోరు అలవాటు ప్రకారం తన పని కానిచ్చేసింది.

అక్క చెయ్యి చాచి హారన్ నొక్కింది. వీధంతా అదిరిపడింది. "బ్యాటరీ లేకుంటే దీనికి ఇంత గొంతు యాడిదప్పా?"

నేను తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె చీర మీద చేయి అలాగే పెట్టుకుని నావైపు తిరిగింది.

"మగ్గం మీద బుటా తప్పితే ఏం చేస్తారో చూసినావు కదా. తప్పిన కాడికి పోయేదాకా పేక ఒక్కొక్క పోగే వెనక్కి తీస్తారు. నడిమధ్యలో కత్తెర పెడితే చీరే పాడైతాది. నిన్న మధ్యాన్నం నన్ను దింపినప్పుడు బండి బాగానే ఉన్నింది. ఇప్పట్నుంచి వెనక్కి చెప్పుకుంటా పో. ఒక్కటీ దాటొద్దు."

వెనక్కి చెప్పుకుంటూ పోయాను. ఇప్పుడు తాళం తిప్పాను. "దానికి ముందర?" రాత్రి పడుకున్నాను. "దానికి ముందర?" పాత డిప్పలు పారేశాను. "దానికి ముందర?" కవరు మార్చాను. అక్క కనుబొమలు పైకి లేచాయి గానీ ఆ సంగతి పక్కనపెట్టి, "పారేసినదాంట్లో ఏమన్నా మిగిలిపోయిందా?" అని అడిగింది. అప్పుడు కళ్ళముందు మెదిలింది. పాత డిప్ప మూలలో బియ్యపుగింజంత నల్లటి ముక్క ఒకటి ఇరుక్కుని ఉండటం చూశాను, ఏదో ప్లాస్టిక్ పెళ్ళ అనుకున్నాను. తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేసి అడిగితే పగలబడి నవ్వాడు. "అదే కదప్పా చిప్పు! అది లేకుంటే బండి నిన్ను దొంగోడు అనుకుంటాది." చెత్తబండి అప్పటికే మా వీధి దాటిపోయింది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో బాడుగ కారు ఒక్కటి కూడా ఊళ్ళో లేదు.

"వెతికేది తర్వాత. ముందు పెనుకొండకు ఫోన్ చెయ్" అంది అక్క.

"నేనా? రైల్వే గేటు పడిందని చెప్దామక్కా."

"గేటు పడిందంటే పది నిమిషాల్లో వస్తారని వాళ్ళు కాచుకోని కూచుంటారు. నిజం చెప్తే వాళ్ళ పని వాళ్ళు సర్దుకుంటారు. చెడగొట్టింది నువ్వు, చెప్పాల్సింది నువ్వే."

పెళ్ళికూతురి తల్లి ఫోన్ ఎత్తింది. వెనక సన్నాయి వినిపిస్తోంది. "అమ్మా, నేను నాగరత్నక్క డ్రైవర్‌ను. చీర ఆలస్యమైతాది. బండి తాళంచెవి నేనే చెడగొట్టినా. తప్పు నాదే" అన్నాను. గొంతు నాది నాకే కొత్తగా వినిపించింది.

"ఏమబ్బా, ఆటలాడుతాండావా? పెండ్లిచీరరా అది!" అని ఆమె మొదలుపెట్టింది. ఒక నిమిషం పాటు నన్ను, నా పనిని, నా లైసెన్సు ఇచ్చినవాళ్ళను కూడా కడిగేసింది. నేను ఊకొడుతూ నిలబడ్డాను. తర్వాత ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది. "సరే, ఎంతసేపు పడతాది?"

"పదిన్నర లోపల తెస్తానమ్మా. బండి కదలకుంటే బస్సులో తెస్తా."

"అట్లయితే గౌరీపూజ ముందర కానిచ్చేస్తాం. చీరకు పూజ తర్వాత చేయిస్తాలే. జాగ్రత్తగా రాండి." ఫోన్ పెట్టేసింది. నా చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

ఎదురింటివాళ్ళ స్కూటర్ అడిగి తీసుకుని చెత్తబండి పాట వినిపించిన వైపల్లా పరుగెత్తించాను. నాలుగో వీధిలో దొరికింది. బండి మీదున్న ఆమె చెత్త కెలికే కర్ర ఆపి, "ఏం పోయిందప్పా, బంగారమా?" అంది. "బియ్యపుగింజంత చిప్పక్కా" అంటే నన్ను ఎగాదిగా చూసింది. అయినా పాపం, పొడి చెత్త సంచులు ప్లాస్టిక్ పట్టా మీద గుమ్మరించి తనూ వెతికింది. టీ కప్పుల మధ్య రబ్బరు బ్యాండు తగులుకుని ఉన్న డిప్పను ఆమే పట్టుకుంది. చిప్పు ఆ మూలలోనే ఉంది. ఆ తల్లికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

చిప్పు ఊడదీసి కొత్తదాంట్లో అమర్చే తీరిక లేదు. అక్క సంచిలోంచి ఎర్ర పట్టుదారం తీసి, పాత డిప్పను కొత్త తాళంచెవికి ఆనించి చుట్టూ కట్టింది. నేతపని చేసిన వేళ్ళు కదా, ముడి కనిపించను కూడా లేదు. తాళం తిప్పగానే బండి అందుకుంది. అక్క, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని పెద్దగా నవ్వేశాం. పెనుకొండ కొండ కింద పెళ్ళింటి ముందు బండి ఆపేసరికి పదీ పది. పెళ్ళికూతురి తల్లి చీర అందుకుని కళ్ళకద్దుకుంది. నావైపు తిరిగి, "నువ్వేనా ఆ తాళంచెవి మొనగాడివి? పో, ముందు టిఫిన్ తిను" అంది.

సాయంత్రం ధర్మవరం చేరాక, తాళంచెవి అక్క ముందు పెట్టి నిలబడ్డాను. ఇక పనికి రమ్మనదనే అనుకున్నాను. పొద్దున బ్యాటరీ అని అబద్ధం కూడా చెప్పాను కదా. "పోయొస్తానక్కా" అన్నాను.

ఆమె మోకాళ్ళకు నూనె రాసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "యాడికి? రేపు హిందూపురం పోవాల, ఎనిమిదికి రా. తాళాలు నీ దగ్గరే పెట్టుకో."

వీధిలోకి వచ్చి, కారుకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మరునాడు ఆమె తెల్లగుడ్డ పరిచి, సూది చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని నాచేతే ఆ చిప్పును కొత్త కవరులోకి మార్పించింది. బండి స్టార్ట్ అయి ఊరంతా ఒక చుట్టు తిరిగాకే పాత డిప్పలు పారేయనిచ్చింది. తర్వాత తొమ్మిదేళ్ళు ఆమె దగ్గర పనిచేశాను. మా నాయన ఆమె ఇంటికి వచ్చి, ఆమె ముందే నాతో మాట్లాడాడు. మూడేళ్ళ కిందట అక్క పోయింది. ఆ ఎర్రదారం నా పనిముట్ల డబ్బాలో ఉంది, రంగు ఇంకా తగ్గలేదు.

ఇందాక బ్లేడు కోసం తీసిన ఆ డబ్బా మూత ఇంకా తెరిచే ఉంది. దారం కనిపించింది. లెక్చరర్ సారుకు ఫోన్ కలిపాను.

"సార్, మీ రిమోట్ బాగు చేయబోయి మీట రబ్బరు నేనే చించినా. తప్పు నాదే. రేపు ప్రయాణానికి తాళంచెవి తిప్పే తలుపులు తీసుకోవాల. కొత్త రబ్బరు పదింటికి గానీ దొరకదు."

చొక్కా వీపు మళ్ళీ తడుస్తోంది. ఇన్నేళ్ళయినా ఆ చెమట మాత్రం తగ్గలేదు.

"ముందే చెప్పినావు, మంచిదైంది. లేకుంటే దోవలో తిప్పలు పడేవాణ్ణి" అన్నాడు సారు. "తాళంచెవి మటుకు ఇప్పుడు ఇచ్చి పో. ఆ రిమోట్ నీ దగ్గరే పెట్టుకో, రబ్బరు దొరికినాక నువ్వే బాగుచెయ్."