ముందు మీ పూర్తి పేరు

హనుమకొండలో ఓ బ్యాంకు ఆఫీసులో దొంగ లావాదేవీలు పట్టుకోవడం లిదియా ఉద్యోగం. ఎవరు ఫోన్ చేసినా ముందు పూర్తి పేరు చెప్పమంటుంది, పాస్టరుగారినైనా వదలదు. మాట్లాడినంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటుంది. వీసా ఇప్పించే ఉద్యోగం కోసం ఏడాదిగా విదేశీ కంపెనీలకు అప్లై చేస్తోంది. మొన్న డబ్లిన్ నుంచి ఒకామె ఫోన్ చేసి, ఉద్యోగం ఖాయమనీ, వీసా సంగతి తామే చూసుకుంటామనీ చెప్పింది. లిదియా ఫోన్ పెట్టేసి ఆ నంబరు బ్లాక్ చేసింది.

"పైసలడిగిందా?" అంది పక్క సీటు దీప్తి.

"అడగలే. గందుకే డౌటొచ్చింది."

దీప్తి పోరు పడలేక లిదియా, ఆ కంపెనీ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు తనే ఫోన్ చేసింది. అదే గొంతు ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది: "మాట్లాడేది లిదియాయేనని మాకెలా తెలుస్తుంది?"

లిదియా పెన్నుకు మూత బిగించి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టింది. "ఒరిజినలే దీప్తీ, వీళ్లు ఒరిజినలే!"