మూడు గంటలకు పద్నాలుగో గ్రీన్

తడి నేలలోంచి గుంత కోసే గొట్టాన్ని పైకి లాగినప్పుడు ఒక చప్పుడు వస్తుంది. నిద్రపోతున్న మనిషి నోరు తెరిచి ఊపిరి పీల్చినట్టుంటుంది. రోజూ తెల్లవారగానే పద్దెనిమిది సార్లు ఆ చప్పుడు వింటాను. పదిహేడు సార్లు అది పని చప్పుడే. పద్నాలుగో గ్రీన్ మీద మాత్రం నా చేతులు ఒక్క క్షణం ఆగుతాయి. మారప్ప నా వెనక నిలబడి ఉన్నాడనిపిస్తుంది. తిరిగి చూడను. చూస్తే ఉండడని తెలుసు. ఉంటాడేమోనన్న భయం కూడా లేకపోలేదు.

కోయంబత్తూరు శివార్లలో ఒక గోల్ఫ్ మైదానంలో నా ఉద్యోగం. ఆ ఆట తెలియనివాళ్ళకోసం కాస్త చెప్పాలి. బంతి చివరికి చేరవలసిన చోట సన్నటి గరికను చాపలా నున్నగా కత్తిరించి ఉంచుతారు. దాన్నే గ్రీన్ అంటారు. దాని మీద ఒక గుంత, గుంతలో జెండా. గుంత ఒకే చోట ఉంటే చుట్టూ గడ్డి నలిగి చస్తుంది కనుక రోజూ చోటు మారుస్తాం. గొట్టంతో కొత్త గుంత కోసి, అందులోంచి వచ్చిన మట్టిదిమ్మను గడ్డితో సహా తెచ్చి నిన్నటి గుంతలో దించుతాం. పోటీలప్పుడు ఆ చోటును ఎంచడమే పెద్ద విద్య. నాలుగు అంగలు ఇటైతే మంచి ఆటగాడు గెలుస్తాడు, అటైతే ఎవరూ ఆడలేరు. ఆ విద్య నాకు నేర్పినవాడు మారప్ప. అతన్ని ఒక అబద్ధంతో ఇంటికి పంపినవాణ్ణి నేను.

వ్యవసాయం చదువుకుని మైదానం పర్యవేక్షకుడిగా చేరేనాటికి నాకు ముప్పై ఏళ్ళు లేవు. మారప్ప ఆ మైదానం చదును చేసిన రోజునుంచీ అక్కడే ఉన్నాడు. పనివాళ్ళంతా తమిళులు. తెలుగు ఇంటిభాషగా ఉన్నది మా ఇద్దరికే. అయితే నాది పొలాలున్న ఇంటి తెలుగు, అతనిది పొలాల్లో కూలికి పనిచేసిన ఇంటి తెలుగు, మధ్యమధ్య తమిళం కలిసేది. నాన్నకంటే పెద్దవాణ్ణి నేను పేరు పెట్టి పిలిచేవాణ్ణి. అతను నన్ను సామీ అనేవాడు. ఇందులో తప్పుందని అప్పుడు నాకు తోచలేదు.

మొదటి వారంలోనే నా బూట్లు విప్పించాడు.

"విప్పు సామీ. ఆ కొలత పట్టె బంతి ఎంత దూరం పోతాదో చెప్తాది. ఎందుకు పోతాదో అరికాలే చెప్పాల."

కొలత పట్టె అంటే చిన్న వాలుపలక. దానిమీదినుంచి బంతిని వదిలి, అది ఎంత దూరం దొర్లిందో చూసి గ్రీన్ వేగం లెక్కకడతాం. నేను దాన్ని పక్కనపెట్టి, కళ్ళు మూసుకుని మంచులో తడిసిన గడ్డిమీద నడిచాను.

"ఏం తెలిసినాది?"

"చల్లగా ఉంది."

అతను పగలబడి నవ్వాడు. "రొంబ తెలిసినాది పో! నీ చెయ్యి చదువుకోనుండాది సామీ. కాలు ఇంకా బడికే పోలేదు."

మడమ కింద మెత్తబడితే నీళ్ళు ఎక్కువైనట్టు, వేళ్ళ కింద గుచ్చుకుంటే దాహంతో ఉన్నట్టు. అలా ఏళ్ళ తరబడి నా కాళ్ళకు చదువు చెప్పాడు. అతనికి మాత్రం ఏ భాషలోనూ అక్షరం రాదు. రోజూ నేను కాగితం మీద గుంతల చోట్లు రాసి, అతనికి తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. ముందు అంచునుంచి ఇన్ని అంగలు, ఎడమనుంచి ఇన్ని. పద్దెనిమిది గ్రీన్లూ ఒక్కసారి వింటే చాలు, ఒక్క అంగ తేడా రాదు.

నిన్నటి గుంత పూడ్చాక అరచేత్తో తట్టి, "పండుకో" అనేవాడు. పసిబిడ్డతో అన్నట్టు. ఎవరితో అంటున్నావని ఒకసారి అడిగాను.

"నోరు తెరుసుకోని ఉండె గదా నిన్నంతా. మూసినప్పుడు ఒక మాట చెప్పొద్దా?"

పద్నాలుగో గ్రీన్‌కు వెనక ఎడమవైపు చిన్న మిట్ట ఉంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, వెనక దూరంగా కొండలు. అక్కడ జెండా పెడదామని నేను అన్న ప్రతిసారీ అతను తల అడ్డంగా ఊపేవాడు.

"ఆడ వేండాం సామీ. అడుగున బాయి ఉండాది. పత్తిచేను కాలంలో మా నాయినా వాళ్ళు తొవ్వినది. మైదానం చేసేటప్పుడు నేనే మన్ను మోసి పూడిస్తి. ఎంత పోసినా తాగతానే ఉండె. ఇంకా దిగతా ఉండాది."

"ఇన్నేళ్ళకా?"

"నీకు తెలీదు. నా కాలికి తెలుసు. ఆడ నిలబడితే ఎవురో కిందినుంచి అరికాలు తడిమినట్టు ఉంటాది."

నేను నవ్వాను. కానీ ఆ తర్వాత ఆ మిట్టమీద చెప్పుల్లేకుండా నిలబడలేదు.

ఒక ఏడాది మాకు పెద్ద పోటీ వచ్చింది. దేశమంతటినుంచీ ఆటగాళ్ళు వస్తున్నారు. గ్రీన్లు గాజులా ఉండాలని క్లబ్బు కమిటీవాళ్ళు అన్నారు. వాళ్ళు అడిగినదానికంటే ఎక్కువ చేసి పేరు తెచ్చుకోవాలని నేను అనుకున్నాను. గడ్డిని మరీ కిందికి కత్తిరించాను. నీళ్ళు తగ్గించాను. రోజుకు రెండుసార్లు రోలర్ తిప్పించాను. చివరి రోజు పద్నాలుగో జెండాను ఆ మిట్టమీద పెట్టాలని కాగితంలో రాశాను. ఇరవై రెండు అంగలు ముందునుంచి, నాలుగు ఎడమనుంచి.

చదివి వినిపించగానే మారప్ప గొట్టం కింద పెట్టాడు.

"సామీ, అది మాత్రం మార్చు."

"పొద్దున్నే కొలిచాను మారప్పా. వేగం సరిగ్గానే ఉంది."

"పొద్దున్న కాదు. కనమ గాలి లేసినాక మూడు గంటలకు వచ్చి చూడు. మంచు పోయ్యి, తడి పోయ్యి, అప్పుడు ఎట్లుంటాదో చూసి రాయి."

"మూడు గంటలకు ఆట నడుస్తుంటుంది. ఇప్పుడే కోయాలి. చెప్పింది చెయ్యి."

అతను కోశాడు. ఆ గొట్టం పైకి వచ్చినప్పటి చప్పుడు మిగతావాటికంటే పొడుగ్గా వినిపించింది. పాత గుంత పూడ్చి తట్టాడు కానీ, ఆ రోజు పండుకో అనలేదు.

మధ్యాహ్నం కొండల మధ్య పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలి లేచింది. మూడు దాటాక అందరికంటే ముందున్న ఆటగాడు పద్నాలుగుకు వచ్చాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు. అతను కొట్టిన బంతి మిట్టెక్కి, గుంతకు జానెడు దూరంలో ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. అతను నడుచుకుంటూ వస్తున్నాడు. అప్పుడు బంతి కదిలింది. ఎవరూ తాకలేదు. ముందు కొంచెం వణికింది, తర్వాత ఎవరో వేలితో తోసినట్టు మెల్లగా దొర్లి, గ్రీన్ దాటి కిందికి పోయింది. తాకకుండా గాలికో వాలుకో కదిలితే కొత్త చోటునుంచే ఆడాలని నిబంధన. అతను మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆగింది. అంతా ఊపిరి బిగబట్టాం. మళ్ళీ కదిలింది. మూడోసారికి చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. అంతమంది మనుషులున్న చోట జెండాగుడ్డ కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కుర్రవాడు మోకాళ్ళమీద కూర్చుండిపోయాడు. వెనకవచ్చిన వాళ్ళకూ అదే గతి. చివరికి ఆ రోజు ఆటే రద్దుచేశారు.

సాయంత్రం కమిటీవాళ్ళు నన్ను తమ గదికి పిలిచారు. ఆ గదికి వెళ్ళేలోపు నేను ఉదయం కాగితం చింపి, కొత్తది రాశాను. ఇరవై రెండు బదులు పన్నెండు. నేను పన్నెండని రాస్తే మారప్ప ఇరవై రెండని తప్పు చదివాడని చెప్పాను. చదువురాని మనిషి తప్పు చదివాడంటే ఎవరికీ అనుమానం రాదు. రోజూ చదివి వినిపించేది నేనేనని మా ఇద్దరికే తెలుసు.

అతన్ని పిలిపించారు. కాగితం చూపించి, ఎవరు చదివారని తమిళంలో అడిగారు. అతను కాగితాన్ని చూడలేదు. నా వైపు తిరిగి, ఆ గదిలో మా ఇద్దరికే తెలిసిన భాషలో, చాలా మెల్లగా అడిగాడు.

"సామీ, నేనా చదివింది?"

అది నిలదీయడం కాదు. నాకు దారి చూపించడం. కమిటీవాళ్ళవైపు తిరిగి, "అవును, ఇతనే" అని తమిళంలో అన్నాను.

మారప్ప వాళ్ళతో, "ఆమా సార్, నాన్ దాన్" అన్నాడు. అవును, నేనే. గొట్టం గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. ఉడుమలైపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడని తర్వాత విన్నాను. వెళ్ళి చూడలేదు.

రెండో ఏడు చలికాలంలో మొదలైంది. తెల్లవారి నేను వెళ్ళేసరికి పద్నాలుగో గ్రీన్ మంచులో అడుగులు కనిపించాయి. చెప్పుల్లేని పాదాలు. అంచునుంచి మిట్టదాకా, తొందరలేని అంగలు. మిట్టమీద ఆగిపోయాయి. తిరిగివచ్చిన అడుగులు లేవు. పనివాళ్ళను అడిగాను. అందరికీ బూట్లున్నాయి. ఎవరూ అటు పోలేదన్నారు. మర్నాడూ ఉన్నాయి. ఒకరోజు లెక్కపెట్టాను. ముందు అంచునుంచి సరిగ్గా ఇరవై రెండు. ఎండ రాగానే మంచుతోపాటు పోయేవి. ఒక ఉదయం ఆ అడుగులు కనిపించలేదు. ఊపిరి పీల్చుకున్నాను. వారం తర్వాత మారప్ప పోయాడని కబురు తెలిసింది. పోయింది ఆ రోజునే.

కోయంబత్తూరులో బస్సెక్కి ఉడుమలైపేట వెళ్ళాను. అతని కూతురు వసంత కొబ్బరిపీచు మిల్లులో పనిచేస్తుంది. గడపలోనే నిలబడి మాట్లాడింది. లోపలికి రమ్మనలేదు, నేనూ అడగలేదు.

"నాలుగు నెలలు మంచంలోనే ఉండె సార్. కాళ్ళు పడిపోయినాయి. నేనే ఎత్తి కూర్సోబెట్టేది. కానీ పొద్దున్న చూస్తే అరికాళ్ళు తడిసుండేవి. సన్న గరిక అంటుకోనుండేది. మా తోపులో అట్లాటి గరిక లేదు. ఎట్ల నాయినా అంటే, పనికి పొయ్యొస్తి, ఆ బాయి నోరు మూయలేదు గదా అనేది. మతి పోయినాదనుకుంటిమి."

అక్కడే, ఎండలో నిలబడి, కాగితం సంగతంతా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఊరంతా ఏమనిరో తెలుసునా? ముసలోడు చదవను రాకుండానే చదవబోయి పని చెడగొట్టె అని. దుకాణంలో గూడా ఎగతాళి. ఆయన ఊరికే తల వంచుకోని వచ్చేది. నాకు చెప్పి ఏం సార్? చెప్పిన చోట పొయ్యి చెప్పండి."

మర్నాడు కమిటీవాళ్ళనూ పనివాళ్ళందరినీ పద్నాలుగో గ్రీన్ దగ్గరికి పిలిచాను. చేసింది చెప్పాను. మనిషే లేడు, ఇప్పుడెందుకని ఒకాయన విసుక్కున్నాడు. ఒక పనివాడు నా కాళ్ళముందు ఉమ్మేశాడు. పర్యవేక్షకుడి ఉద్యోగం పోయింది. గుంతలు కోసే పని ఇమ్మని అడిగితే, కొన్నాళ్ళు నాన్చి ఇచ్చారు. తప్పు మారప్పది కాదని కమిటీవాళ్ళచేత ఒక ఉత్తరం కూడా రాయించుకున్నాను.

అలా చెప్పిన మర్నాడు ఉదయం గ్రీన్ మీద మళ్ళీ అడుగులున్నాయి. ఈసారి మిట్టమీద మొదలై, అంచువైపు వచ్చాయి. ఇరవై రెండు. గ్రీన్ దాటి, రోడ్డువైపు గడ్డిలో కలిసిపోయాయి. అది క్షమాపణ అని నేను అనుకోను. ఆ నోరు మూసే పని అయిపోయింది, అతను ఇంటికి వెళ్ళాడు, అంతే. తర్వాత ఎప్పుడూ కనిపించలేదు.

ఉత్తరం పట్టుకుని వసంత దగ్గరికి వెళ్ళాను. ఆమెకూ చదువు రాదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాను. చివరిదాకా విని, చెయ్యి చాపి కాగితం తీసుకుంది.

"అట్లనే రాసుండాదా సార్? లేకుంటే మీరు చదివేదా?"

నా జవాబు కోసం ఆగలేదు. పక్కింట్లో నర్సు చదువు చదివే అమ్మాయిని పిలిచి, మళ్ళీ చదివించుకుంది. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి ఒక్కొక్క మాటా చదివేదాకా వసంత నా ముఖంమీదినుంచి చూపు తిప్పలేదు. అంతా అయ్యాక కాగితం మడిచి, రవికెలో పెట్టుకుంది. "సరి, పొయ్యిరండి" అంది.

ఇప్పుడు నేను చెప్పుల్లేకుండానే పనిచేస్తాను. పూడ్చిన గుంతను తట్టి పండుకో అంటాను, పద్నాలుగో గ్రీన్ మీద తప్ప. అక్కడ ఆ మాట నాది కాదు. ఎండైనా వానైనా మూడు గంటలకు మళ్ళీ అక్కడికి వెళ్తాను. ఉదయం నేను కోసిన గుంత దగ్గర ఒక బంతి వదులుతాను. అది దొర్లి ఆగుతుంది. కనుమ గాలి నా వీపుకు తగులుతుంటుంది. బంతి ఆగాక కూడా, ఇంకాసేపు దాన్నే చూస్తూ నిలబడతాను.