పథ్యం లేని మాత్ర

నాట్లు వేసే ఆడవాళ్ళు కయ్యలో వెనక్కి నడుస్తారు. చిట్టమూరు పక్క పల్లెలో రెబెక్కమ్మ వెనక్కి నడుస్తూ ఒక్కసారైనా మెడ తిప్పి చూసేది కాదు. అయినా ఆమె వరస తాడు పట్టినట్టు ఉండేది. పెళ్ళయి వచ్చిన కొన్నాళ్ళకే నాట్ల ముఠాకి పెద్ద అయింది. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమె దిగేదాకా గెనిమ గట్టు మీదే నిలబడేవాళ్ళు. మొండిమనిషి. అత్తగారితో మొండి, పాస్టరయ్యతోనూ మొండి.

పందొమ్మిది వందల అరవై రెండులో, వానకి తెగిన గెనిమ మీద నారు ముడితో జారి పడింది. నడుము కొయ్యబారింది. బండిలో నాయుడుపేటకీ, అక్కణ్ణించి రైల్లో నెల్లూరికీ తీసుకుపోయారు. ఆస్పత్రిలో డాక్టరమ్మ వీపంతా నొక్కి చూసి, కండరాలు బిగుసుకుపోయాయంది. అవి సడలడానికి మాత్రలు రాసింది. "రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. మత్తుగా ఉంటుంది. వాడినన్నాళ్ళూ పనిలోకి దిగొద్దు" అని ఆమె చెబుతూనే ఉంది. రెబెక్కమ్మ చెవి మాత్రం ఇంకో మాట కోసం కాచుకుని ఉంది.

"పథ్యమేంది డాక్టరమ్మా?"

"పథ్యమేమీ లేదు."

"చింతపండు పులుసు?"

"తినమ్మా."

"వంకాయ? ఎండుచేప?"

"అన్నీ తినొచ్చని చెప్పాను కదా!" డాక్టరమ్మ నవ్వేసింది.

ఆ పల్లెల్లో మందు బలాన్ని పథ్యంతో తూస్తారు. పసరు పోసి ఉప్పు కూడా మానమన్నాడంటే ఆ వైద్యుడు గట్టివాడు, ఆ మందు గట్టిది. పథ్యమే లేదంటే ఇక అది మందే కాదు. రెబెక్కమ్మ నెల్లూరు నుంచి మోసుకొచ్చింది ఆ ఒక్క మాటనే. మిగతావన్నీ ఆస్పత్రి వరండాలోనే రాలిపోయాయి. నడుము బాగయ్యాక మిగిలిన మాత్రలు చూసి, ముఠాలో అందరికంటే పెద్దదైన ఎలిశబెతు చెయ్యి చాపింది.

"పథ్యం లేని మందా? మంచినీళ్ళే గదంటే. ఇట్టా తే, నాకూ ఒకటి."

రెబెక్కమ్మ ఇచ్చింది. ఎలిశబెతు నడుము నొప్పి పోయింది. సంగతి కూలీల్ని కుదిర్చే మేస్త్రీ హజరత్తయ్య చెవిన పడింది.

మరుసటి ఏడు మొలగొలుకుల వరి నాట్లకి అతను మాత్రలు పొట్లాలుగా తెప్పించాడు. మందుల షాపులో తెలిసినవాడున్నాడట. పొద్దున్నే ఆకూ వక్కా పంచినట్టు పంచేవాడు. ఆడవాళ్ళు నడుము ఎత్తకుండా నాటేవాళ్ళు. ఎత్తితే అతను ఊరుకునేవాడు కూడా కాదు.

"ఏంమే కరుణా, నడుం ఎట్టుండాది?" అని పక్క వరస నుంచి అడిగితే, "నడుమా? ఇంటికాడ పెట్టొచ్చినా అక్కా!" అనేది కరుణాకుమారి. కయ్యంతా నవ్వేది. రెబెక్కమ్మా నవ్వేది. ఆమె కూడా ఆ మాత్రలే వేసుకుంటోంది.

ఒక మబ్బు రోజు, సద్దులు తిన్నాక, అందరూ నాటుకుంటూ వెనక్కి జరుగుతుంటే కరుణాకుమారి ఒక్కతే ముందర మిగిలిపోయింది. చేతిలో నారు పట్టుకుని వంగినది వంగినట్టే ఉంది. "ఏంమే, నిద్రపోతుండావా?" అని ఎవరో ఎగతాళి చేశారు. కరుణాకుమారి మోకాళ్ళు మడత పడ్డాయి. ముఖం బురదనీళ్ళలోకి పోయింది. చేతులు ఆనించుకుందామన్న ప్రయత్నం కూడా చేయలేదు.

రెబెక్కమ్మ నాటిన నారంతా తొక్కుకుంటూ పరుగెత్తింది. జుట్టు పట్టి లేపి, నోట్లో బురద వేళ్ళతో గెలికి తీసింది. పిల్ల కళ్ళు తెరవలేదు. ఊపిరి ఎప్పుడో ఒకటి, మరచిపోయి మళ్ళీ గుర్తొచ్చినట్టు ఆడుతోంది.

"ఎండదెబ్బ" అన్నాడు హజరత్తయ్య. "మొహాన నీళ్ళు కొట్టండి, లేస్తాది."

"ఎండ యాడుంది? మబ్బు కొట్టిందా అన్నా దెబ్బ?" అంది రెబెక్కమ్మ.

నాయుడుపేట డాక్టరు దగ్గర సంగతి తెలిసింది. పొద్దున రెండు మాత్రలు, సద్ది వేళ ఇంకొకటి, దాని మీద మొగుడు తెచ్చిన కల్లు. "పథ్యం లేని మందే గదయ్యా" అన్న రెబెక్కమ్మ వైపు తిరిగి ఆయన కసిరాడు. "పథ్యం లేదంటే తిండికి లేదని. మాత్రకి కండరాలొక్కటే కాదు, బుర్ర కూడా మందగిస్తుంది. కల్లు తోడైతే ఊపిరే ఆగిపోవచ్చు. ఒకరికి రాసిన మందు ఊరంతా మింగుతారా?"

నెల్లూరు డాక్టరమ్మ మాటలు అప్పుడొచ్చాయి ఆమె చెవికి. మత్తుగా ఉంటుంది. పనిలోకి దిగొద్దు.

కరుణాకుమారి బతికింది. కళ్ళు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టేదాకా ఉండి రెబెక్కమ్మ ఊరికి వచ్చింది. తెల్లారి గెనిమ మీదికి వెళ్ళేసరికి హజరత్తయ్య బొడ్లోంచి పొట్లం తీస్తున్నాడు.

"రాండమ్మా, నారు వాడిపోతుండాది."

"ఈ మాత్రకి పథ్యముందన్నా" అంది రెబెక్కమ్మ.

"ఏం పథ్యం?"

"పనే పథ్యం. ఏసుకుంటే కయ్యలో దిగకూడదు. కయ్యలో దిగితే ఏసుకోకూడదు."

"ఇదేం పథ్యమే, నేను యాడా వినలా" అంది ఎలిశబెతు.

"నేనూ వినలా అత్తా. చెప్పినా వినలా. పిల్ల బురదలో పడ్డాక వినబడింది."

హజరత్తయ్య నవ్వాడు. "ఈ మాత్ర ఊళ్ళోకి తెచ్చిందెవరు? నువ్వు గాదా?"

"నేనే. అందుకే నేనే ఆపతా."

"పొద్దుగూకే లోపల ఈ కయ్య అయిపోవాల. కాకుంటే చిల్లకూరు ముఠాని దింపతా. నీ పెద్దరికం నీ ఇంట్లో చేసుకో."

"దింపుకో. ఈ గెనిమ మీదే కూర్చోని వాళ్ళకీ ఇదే చెప్తా."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నిన్నటి నొప్పులు అందరి నడుముల్లోనూ ఉన్నాయి. ఎలిశబెతు చెయ్యి మెల్లగా పొట్లం వైపు పోయింది. రెబెక్కమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ఏసుకో అత్తా. ఏసుకోని ఈ గట్టునే పండుకో. నీ వరస నేను నాటతా."

ఎలిశబెతు ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వు నా వరస నాటేదేంది మే? నా వరస నీకు వంకర పోతాది" అని చెయ్యి వెనక్కి తీసుకుని, కోక ఎగదోపి కయ్యలోకి దిగింది. మిగతావాళ్ళు దిగారు. పొట్లం హజరత్తయ్య చేతిలోనే ఉండిపోయింది.

పొద్దెక్కేసరికి రెబెక్కమ్మ నడుము భగ్గుమంది. చేతిలో నారు అలాగే పట్టుకుని నిటారుగా నిలబడింది.

గెనిమ మీంచి కేక వచ్చింది. "ఏం రెబెక్కమ్మా, తిరణాల చూస్తుండావా?"

"నడుం నొస్తుండాదన్నా!" అని అవతలి కయ్యలకి కూడా వినబడేట్టు అరిచింది.

"నాకూ" అంటూ ఎలిశబెతు లేచింది. తరవాత ఒక్కొక్కరే లేచారు. అతను అరుస్తూనే ఉన్నాడు. వీళ్ళు నడుములు సాగదీసుకుని, నొప్పి తగ్గాకే వంగారు.

సాయంత్రానికి కయ్యలో ఒక మూల నాటు పడకుండా మిగిలింది. ఆ మూల వైపు చెయ్యి చూపించి, "రేపు ఏస్తాం" అంది రెబెక్కమ్మ. హజరత్తయ్య జవాబు కోసం ఆగకుండా కాళ్ళు కడుక్కుంది.