యాదమ్మ ఎడమ బొటనవేలు

కరోనా సడలిన మరుసటి సంవత్సరం వేసవిలో నన్ను ఐటీ కారిడార్ పోలీసు స్టేషన్లకు సేవలందించే వేలిముద్రల విభాగానికి ఇన్‌స్పెక్టర్ హోదాలో బదిలీ చేశారు. నా ఉద్యోగ జీవితంలో అదే చివరి నియామకం. నేరస్థులను పట్టుకోవటం మా పని కాదు. రెండు ముద్రలు ఒకే వేలివా కాదా నిర్ధారించి, సంతకం చేసి, కోర్టులో ఆ మాటకు కట్టుబడి నిలబడటం మా పని.

చేరిన కొద్ది వారాలకే యాదమ్మ కేసు వచ్చింది. ఆమె గోపన్‌పల్లిలో పుట్టి పెరిగిన మనిషి. ఊరి పొలాలన్నీ అపార్ట్‌మెంట్లయిపోగా, భర్త బతికుండగా ఆమె పేరిట కొన్న ఒక్క ప్లాటు మిగిలింది. బోరబండలో కిరాయికి ఉంటూ, కోకాపేట టవర్లలో వంట చేసుకుని బతికేది. ఆ ప్లాటును ఆమె తనకు రిజిస్టర్ చేసి అమ్మిందనీ, ఇప్పుడు అందులో అడుగు పెట్టనివ్వటం లేదనీ ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మోసం కేసు పెట్టాడు. తాను ఎవరికీ అమ్మలేదని ఆమె వాదన. రిజిస్ట్రేషన్ నాటి ఫొటోలో సగం ముఖాన్ని మాస్కు, మిగతా సగాన్ని కొంగు కప్పేశాయి. ఇక తేల్చవలసింది వేలిముద్రే. అది ఆమెదని తేలితే అరెస్టు తప్పదు, ప్లాటూ దక్కదు.

దర్యాప్తు అధికారి వివాదంలో ఉన్న దస్తావేజు ముద్రను, దానితో పోల్చటానికి ప్లాటు కొన్ననాటి పాత దస్తావేజులోని ఆమె ముద్రను పంపారు. మా సబ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షించి, రెండూ ఒకే వేలివని రాశాడు. అలాంటి ప్రతి నిర్ధారణనూ రెండో నిపుణుడు స్వతంత్రంగా సరిచూడాలన్నది నిబంధన. నేను చూశాను. చర్మరేఖలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ రెండుగా చీలాయో అన్నీ కలిశాయి. అయినా, మనిషి అందుబాటులో ఉన్నప్పుడు తాజా ముద్ర లేకుండా ఫైలు మూయటం నా పద్ధతి కాదు.

“రెండుసార్లూ కలిసింది కదండీ, ఆవిణ్ణి మళ్లీ రప్పించటం ఎందుకండీ? జడ్జిగారు కూడా ఇంత అడగరండీ,” అన్నారు కోస్తా నుంచి వచ్చిన ఆ దర్యాప్తు అధికారి. రప్పించమన్నాను.

యాదమ్మ వచ్చింది. సిరా పలక చూడగానే నొసలు ముడిచింది. “సంతకం జేసుడు నేర్సుకున్న గద సారూ, ఇగ మల్ల ఏలు పెట్టుడేంది? నా ఏలే నా మీద సాక్షం జెప్పిందంటున్రు, దాన్ని ఇంకేం అడుగుతరు?”

ఆమె ఎడమ బొటనవేలిని గోరు అంచు నుంచి అంచు వరకు దొర్లించి ముద్ర తీశాను. కాగితం మీద ఒక తెల్లటి గీత అడ్డంగా పడింది. అది గాయపు మచ్చ. ఎప్పటిదని అడిగాను.

“మా బిడ్డ పెండ్లికి కూరగాయలు కోస్తుంటే కత్తిపీట దిగింది సారూ. దవాఖానల కుట్లేసిండ్రు. ఇప్పుడు నా మనుమడు బడికి వోతుండు.”

వివాదాస్పద రిజిస్ట్రేషన్ జరిగింది కిందటి ఏడాదే. ఆ ముద్రలో మచ్చ లేదు. ఇంత లోతైన మచ్చ చెరిగిపోదు. అంటే ఆ కాగితం మీద పడింది ఆమె వేలే, కానీ గాయానికి ముందున్న వేలు.

రెండు దస్తావేజుల ముద్రలనూ సమాన పరిమాణానికి పెంచి, ఒకదానిపై ఒకటి ఉంచాను. గాయానికి ముందరి పాత ముద్రలో సిరా అంటని చిన్న ఖాళీలున్నాయి. మా శిక్షణలో ఖాళీలను పట్టించుకోవద్దంటారు. రేఖలను మాత్రమే చూస్తాం. ఆ ఖాళీలు వివాదాస్పద దస్తావేజు ముద్రలోనూ సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో ఉన్నాయి. వేలు ఒక్కటే అయినా, ఒత్తిడి మారుతుంది, చెమట మారుతుంది, సిరా మారుతుంది. ప్రతిసారీ అది కొత్తగా పడుతుంది. మళ్లీ ఆమె తాజా ముద్రను చూశాను. తల్లి కడుపులో ఏర్పడిన రేఖలు మచ్చకు ఇరువైపులా చెక్కుచెదరకుండా సాగుతున్నాయి. ఇన్నేళ్ల వృత్తిలో వేలకొద్దీ ముద్రలు చూసిన నాకు ఆ అమరిక అంత గంభీరంగా ఎన్నడూ కనిపించలేదు.

భూతద్దం ఆమెకిచ్చాను. చాలాసేపు చూసింది. “గివన్నీ నా ఏలి మీదనే ఉన్నయా సారూ? దున్నిన చెల్క లెక్క లేదూ! నడుమల గీ కాల్వ నేను తవ్వుకున్నదే,” అని నవ్వింది. ఆ వెంటనే, “మరి నేను ఇంటికి వోవచ్చునా?” అని అడిగింది.

గాయం తేదీని ఆసుపత్రి ధ్రువీకరించింది. ఆ ఉద్యోగిని మోసగించిన దళారులు పాత దస్తావేజు నకలు సంపాదించి, అందులోని ముద్రను పల్చటి రబ్బరు పొర మీద అచ్చు తీసి, మరొక స్త్రీ వేలికి తొడిగి రిజిస్ట్రేషన్‌కు నిలబెట్టారని దర్యాప్తులో తేలింది. యాదమ్మ నిందితురాలి స్థానం నుంచి సాక్షి స్థానానికి మారింది. ప్లాటు ఆమెకే మిగిలింది.

ఆ వారమే నా విభాగంలో ఉత్తర్వు జారీ చేశాను: కాగితాన్ని కాగితంతో మాత్రమే పోల్చి ఎవరి మీదా నివేదిక పంపరాదు, మనిషి బతికుంటే వేలిని చూడాలి. రెండు ముద్రలు లోపాలతో సహా ఒకేలా ఉంటే, వాటిలో ఒకటి వేలిది కాదు.